విడి సేవలను గొలుసు కట్టే కంప్యూటర్: ఒక చిన్న చరిత్ర

చరిత్ర వ్యాసం అంటే మన మ్యాగజైన్‌లో ఎక్కువగా రాజులు, కోటలు, మన పెద్దవాళ్లు ఈ హోసూరు వైపుకు ఎట్లా వచ్చారు అనే సంగతులే వస్తాయి. అవి చదవడం నాకూ ఇష్టమే. కానీ యాభై ఏళ్ల నాటిది కూడా చరిత్రే కదా అని ఈసారి నేను కంప్యూటర్ల వైపు నుంచి ఒకటి ఎంచుకున్నాను. వేరువేరు చోట్ల వేరువేరు మనుషులు తయారుచేసిన వెబ్ సేవలను, వరుస ఎవరూ చెప్పకుండానే, కంప్యూటర్ తనంతట తానే కలిపి పని పూర్తిచేయాలి అనే ఆలోచన చరిత్ర ఇది. ఇందులో గెలుపు కంటే ఓటమే ఎక్కువ. ఎందుకు ఓడిపోయిందో తెలిస్తే మన ఇళ్లలో తరచూ వచ్చే ఒక తలనొప్పికి కూడా కారణం తెలుస్తుంది.

మనం ఫోన్‌లో చూసే వెబ్‌సైటు మనిషి చదవడానికి పనికొస్తుంది. వెబ్ సేవ అనేది ఇంకొక ప్రోగ్రామ్ వాడుకోవడానికి. దానికి కొన్ని వివరాలు ఇస్తే కొన్ని వివరాలు తిరిగి ఇస్తుంది, లేదంటే ఏదో ఒక పని చేసిపెడుతుంది. ఊరి పేరు ఇస్తే దగ్గరలోని రైల్వే స్టేషన్ చెప్పే సేవ ఒకటి ఉందనుకుందాం. రెండు స్టేషన్లు, తేదీ ఇస్తే రైళ్లు చెప్పేది రెండోది. రైలు నంబరు, ప్రయాణికుల పేర్లు, డబ్బు ఇస్తే టికెట్ ఇచ్చేది మూడోది. మామూలుగా ఒక ప్రోగ్రామర్ కూర్చుని ఈ మూడింటినీ కలుపుతారు. ఆ కలిపే పనిని కూడా కంప్యూటరే చేసుకునేటట్టు అల్గారిథం రాయగలమా అన్నదే ప్రశ్న.

చివరి నుంచి వెనక్కి వెళ్లడం ఒక పద్ధతి. నాకు టికెట్ కావాలి. టికెట్ ఎవరిస్తారు? మూడో సేవ. దానికేం కావాలి? రైలు నంబరు. అది ఎవరిస్తారు? రెండోది. దానికేం కావాలి? స్టేషన్ పేర్లు. అవి మొదటిది ఇస్తుంది, దానికి ఊరి పేరు చాలు. ఊరి పేరు నా దగ్గర ఉంది కాబట్టి గొలుసు పూర్తయింది. మా అవ్వ కూడా ఇట్లాగే ఆలోచిస్తుంది. సంగటికి రాగి పిండి కావాలి, పిండికి మిల్లుకు పోవాలి, మిల్లుకు పోవాలంటే రాగులు ఎండి ఉండాలి, కాబట్టి ఈ రోజే ఎండలో పోయాలి.

మూడు సేవలు ఉంటే ఇది ఆటలాగే ఉంటుంది. 1000 సేవలు ఉండి, గొలుసులో 5 మెట్లు ఉంటే? ఒక్కొక్క మెట్టుకు 1000లో ఏదైనా రావచ్చు కాబట్టి 1 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని గొలుసులు వస్తాయి. సెకనుకు 10 లక్షల గొలుసులు పరీక్షించే కంప్యూటర్‌కు కూడా అన్నీ చూడటానికి సుమారు 32 ఏళ్లు పడుతుంది. లెక్కల నోటుబుక్‌లో వేసి చూసుకోండి. కాబట్టి అన్నీ చూడకుండా, పనికిరాని దారులను మొదట్లోనే వదిలేసే తెలివి కావాలి. ఈ చరిత్రలో అల్గారిథంల పనంతా అదే.

ఆ తెలివి కోసం వెతకడం వెబ్ పుట్టకముందే మొదలైంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మెన్లో పార్క్‌లో ఉన్న స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1966 నుంచి 1972 వరకు ఒక చక్రాల రోబోను తయారుచేసి నడిపారు. కదిలినప్పుడల్లా గడగడ వణికేది కాబట్టి దానికి షేకీ అని పేరు. గదుల మధ్య తిరుగుతూ పెట్టెలను తోయడం దాని పని. దానికి పథకం వేసిపెట్టడానికి రిచర్డ్ ఫైక్స్, నిల్స్ నిల్సన్ 1971లో స్ట్రిప్స్ అనే పద్ధతిని ప్రకటించారు. ప్రతి పనికీ మూడు సంగతులు రాయాలి: ఆ పని చేయాలంటే ముందు ఏం నిజమై ఉండాలి, చేశాక కొత్తగా ఏం నిజమవుతుంది, ఏం నిజం కాకుండా పోతుంది. ఇంత రాసిపెడితే చాలు, ఏ పని తరవాత ఏ పని చేయాలో యంత్రమే వెతుక్కుంటుంది. తరవాత ముప్పై ఏళ్లకు వెబ్ సేవలను కలపాలనుకున్నవాళ్లు చానామంది ఈ మూడు సంగతుల దగ్గరికే తిరిగి వచ్చారు. షేకీ ఇప్పుడు మౌంటెన్ వ్యూ ఊరిలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో అద్దాల వెనక నిలబడి ఉంది.

వెబ్ వైపు సంగతి త్వరగా చెప్పేస్తాను. 1989లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించారు. 1998లో ఎక్స్‌ఎంఎల్ ప్రమాణంగా వచ్చింది. దాని మీద సోప్ అనే సందేశాల పద్ధతి, ఒక సేవకు ఏమిస్తే ఏమొస్తుందో రాసే డబ్ల్యుఎస్‌డిఎల్ అనే భాష వచ్చాయి. 2000 సెప్టెంబర్‌లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, అరీబా కలిసి యుడిడిఐ అనే చిరునామా పుస్తకాన్ని మొదలుపెట్టాయి. ప్రపంచంలోని సేవలన్నీ అందులో నమోదవుతాయి, ఎవరికి ఏది కావాలన్నా ప్రోగ్రామే వెతుక్కుంటుంది అని ఆశ. 2002లో బిపెల్ అనే భాష వచ్చింది. సేవల వరుసను అందులో రాయవచ్చు, కానీ ఆ వరుసను ఆలోచించి రాయాల్సింది మాత్రం మనిషే.

ఆ ఆలోచించడం కూడా యంత్రానికే అప్పగించాలన్న కలను అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పింది 2001 మే నెల సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వచ్చిన వ్యాసం. రాసినవాళ్లు బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లాసిలా. అందులో పీట్, లూసీ అనే అన్నాచెల్లెళ్లు ఉంటారు. వాళ్ల అమ్మకు ఫిజియోథెరపీ చేయించాలి. లూసీ కంప్యూటర్ ఏజెంటు డాక్టరు ఏజెంటుతో మాట్లాడుతుంది, బీమా వర్తించే కేంద్రాలను ఇంటికి దగ్గరలో వెతుకుతుంది, మంచి పేరున్నవాటిని ఏరుతుంది, ఇద్దరికీ ఖాళీ ఉన్న వేళలతో జత చేస్తుంది. వచ్చిన పథకం పీట్‌కు నచ్చదు. ఆ ఆసుపత్రి ఊరికి అవతలి వైపు ఉంది, తిరిగి వచ్చేటప్పుడు ట్రాఫిక్ ఎక్కువ. అతని ఏజెంటు మళ్లీ వెతుకుతుంది. అమ్మను ఆసుపత్రికి ఎవరు తీసుకుపోవాలని ఇద్దరు పిల్లలు ఫోన్లలో సర్దుకోవడం ప్రతి ఇంట్లో జరిగేదే కదా. నాకు ఈ కథ నచ్చడానికి అదే కారణం. పెద్ద కంపెనీ వ్యాపారాన్ని కాకుండా ఒక ఇంటి అవసరాన్ని ముందు పెట్టారు.

ఆ తరవాత రెండు మూడేళ్లు ఈ రంగానికి పండగ అనే చెప్పాలి. 2002లో షీలా మక్ఇల్‌రైత్, ట్రాన్ కావో సన్ కలిసి టొరంటో విశ్వవిద్యాలయంలో పుట్టిన గోలాగ్ అనే భాషను వెబ్ సేవలకు మలిచారు. అందులో ప్రయాణం లాంటి పనికి ఒక సాధారణ నమూనా ముందే ఉంటుంది. విమానమా, రైలా, ఎంత ఖర్చు అన్నవి మనిషి ఇష్టాన్ని బట్టి యంత్రం నింపుకుంటుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ నుంచి శంకర్ పొన్నెకంటి, అర్మాండో ఫాక్స్ స్వోర్డ్ అనే పనిముట్టును చూపించారు. ప్రతి సేవనూ అందులో ఒక నియమంగా రాస్తారు: ఇవి తెలిస్తే అవి తెలుస్తాయి. నియమాలను వరసగా పేర్చి, అడిగిన పని కుదురుతుందో లేదో యంత్రం తేలుస్తుంది. పొన్నెకంటి అన్న ఇంటిపేరు చదివి నేను ఒక్క క్షణం ఆగిపోయాను. మన తెలుగు వాచకంలో కనిపించాల్సిన పేరు కంప్యూటర్ చరిత్రలో కనిపిస్తే ఎవరికైనా సంతోషమే.

2003లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు తమ షాప్2 అనే ప్లానర్‌తో ఇంకొక దారి చూపారు. దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద డానా నౌ. సైంటిఫిక్ అమెరికన్ వ్యాసం రాసిన హెండ్లర్ కూడా ఈ పనిలో ఉన్నారు. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం వాళ్ల పద్ధతి. మన ఇళ్లలో పెళ్లి ఎట్లా జరుగుతుందో గుర్తుచేసుకోండి. పెళ్లి చేయాలి అంటే ఎవరూ వెయ్యి పనులను వెయ్యి వరుసల్లో పేర్చి చూడరు. పెళ్లి అంటే ముహూర్తం, మండపం, వంట, పిలుపులు అని పెద్దవాళ్లకు ముందే తెలుసు. వంట అంటే సరుకులు, మనుషులు, పాత్రలు. ఇట్లా విడగొడుతూ పోతే చివరికి ఒక మనిషి ఒక పూటలో చేయగల పని మిగులుతుంది. యంత్రానికి కూడా ఈ విడగొట్టే విధానాలను ముందే నేర్పితే వెతుకులాట చానా తగ్గిపోతుంది. నా మటుకు నాకు ఈ రంగంలో వచ్చిన పద్ధతులన్నిటిలో ఇదే మనుషుల ఆలోచనకు దగ్గరగా అనిపించింది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పెద్దవాళ్లకు తెలియని పెళ్లి ఇది చేయలేదు. ఎవరూ విధానం రాయని పని ఎదురైతే షాప్2 చేతులెత్తేస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. సేవలు రెండు రకాలు. రైళ్ల వేళలు చెప్పే సేవను నూరు సార్లు అడిగినా లోకంలో ఏమీ మారదు. టికెట్ కొనే సేవను ఒక్కసారి పిలిచినా డబ్బు పోతుంది. షేకీ గదిలో పెట్టెలు ఎక్కడున్నాయో అంతా ముందే రాసి ఉంటే సరిపోయేది, వెబ్‌లో అట్లా కాదు. ఏ రైలులో సీటుందో అడిగితే కానీ తెలియదు, తెలియకుండా పథకం వేయలేం. అందుకని మక్ఇల్‌రైత్ బృందమూ, మేరీలాండ్ బృందమూ దాదాపు ఒకే జవాబుకు వచ్చాయి. పథకం వేసేటప్పుడే సమాచారం ఇచ్చే సేవలను నిజంగా పిలవాలి, లోకాన్ని మార్చే సేవలను మాత్రం పిలిచినట్టు ఊహించుకుని ఆగాలి. పథకం మొత్తం కుదిరాకే వాటిని నిజంగా చేయాలి.

అయినా మధ్యలో తెగిపోవచ్చు. టికెట్ కొన్నాక హోటల్లో గది లేదంటే? దీనికి ఇంకా పాత జవాబు ఉంది. 1987లో హెక్టర్ గార్సియా-మొలీనా, కెనెత్ సేలమ్ డేటాబేసుల కోసం సాగాలు అనే ఆలోచన రాశారు. పెద్ద పనిని చిన్న పనులుగా చేసి, ప్రతి చిన్న పనికీ దాన్ని సరిదిద్దే ఎదురు పని ఒకటి ముందే పెట్టుకోవాలి. టికెట్‌కు ఎదురు పని రద్దు. రద్దు చేస్తే డబ్బంతా తిరిగి రాదు, కొంత కోత పడుతుంది, కాబట్టి ఇది జరిగినదాన్ని జరగనట్టు చేయడం కాదు. బిపెల్ భాషలో కూడా ఈ ఎదురు పనులకు చోటు ఇచ్చారు.

ఒకే పని చేసే సేవలు పది ఉంటే ఏది తీసుకోవాలి అన్న లెక్కను 2003లో జెంగ్, బెనతల్లా, వాళ్లతో పాటు పనిచేసినవాళ్లు చేసి చూపించారు. గొలుసులో ధరలు కూడుతాయి, వరుసలో జరిగే పనుల సమయాలు కూడుతాయి. నమ్మకం మాత్రం గుణించుకుంటుంది. 100కు 95 సార్లు సరిగ్గా పనిచేసే సేవలను 5 వరుసగా కలిపితే గొలుసు మొత్తం 100కు సుమారు 77 సార్లే పూర్తవుతుంది. విడివిడిగా అన్నీ మంచివే, కలిపితే మాత్రం నాలుగింట ఒకసారి దెబ్బతింటుంది. పదో తరగతి సంభావ్యత పాఠం ఇంత పనికొస్తుందని నాకు అప్పటిదాకా అనిపించలేదు.

ఇన్ని అల్గారిథంలు ఉన్నాక పని జరిగిపోవాలి కదా. జరగలేదు. కారణం వెతుకులాటలో లేదు, మాటల అర్థాల్లో ఉంది.

డబ్ల్యుఎస్‌డిఎల్ ఒక సేవ గురించి "ధర అనే సంఖ్య ఇస్తాను" అని చెప్పగలదు. ఆ సంఖ్య రూపాయలా డాలర్లా, పన్ను కలిపా కలపకా అని చెప్పదు. రెండు ప్రోగ్రామ్‌ల మధ్య సంఖ్య సరిగ్గానే చేరి అర్థం చేరకపోతే ఏమవుతుందో 1999 సెప్టెంబర్ 23న లోకమంతా చూసింది. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నాశనమైపోయింది. భూమి మీద ఒక ప్రోగ్రామ్ తోపుడు లెక్కను పౌండ్లలో ఇచ్చింది, దాన్ని అందుకున్న ప్రోగ్రామ్ న్యూటన్లలో ఉందనుకుంది. రెండింటికీ తేడా సుమారు నాలుగున్నర రెట్లు. అది వెబ్ సేవ కాదు కానీ జబ్బు మాత్రం ఇదే.

ఇంత దూరం పోకుండా మన హోసూరులోనే దీన్ని చూడవచ్చు. మనం అవసరం అంటే కావలసినది. తమిళ స్నేహితుడు అవసరం అంటే తొందర. కన్నడంలోనూ అంతే. అక్షరాలు చూసి జతచేసే యంత్రం మూడింటినీ ఒకటే అంటుంది. ఇంకొక సంగతి మా ఇంట్లో జరిగింది. మా నాయనకు పేరు ముందు ఇనిషియల్ వి. అది తాత పేరులోని మొదటి అక్షరం, తమిళనాడు పద్ధతి. పెదనాన్న చిన్నప్పుడే కుప్పం పోయి అక్కడే చదివి స్థిరపడ్డారు. ఆయన ఇనిషియల్ జి. అది ఇంటిపేరు. తాత పేరున ఉన్న పొలం భాగాల కాగితాలు ఒక ఆఫీసులో ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఇద్దరి పేర్ల ముందు అక్షరాలు కలవడం లేదంట. రెండు రికార్డుల్లోనూ ఇనిషియల్ అన్న గడి ఉంది, రెండింటిలోనూ ఒక అక్షరం ఉంది, రెండూ తప్పు కాదు. గడి పేరు ఒకటే, అర్థం వేరు. ఒకే తల్లి బిడ్డలు కాగితం మీద అన్నదమ్ములు కాకుండా పోయారు. నాయన రెండు నెలలు తిరిగారు. చివరికి ఊరి పెద్దలను తెలిసిన ఒక గుమాస్తా గారు ప్రమాణ పత్రం రాయించుకుని సరిచేశారు. మన బడిలో ఇట్లాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో చదివే అమ్మానాన్నలకే తెలుసు.

పరిశోధకులకు ఈ జబ్బు తెలియక కాదు. అమెరికా రక్షణ శాఖకు చెందిన దార్పా సంస్థ డబ్బుతో 2001లో డామ్ల్-ఎస్ అనే వర్ణన భాష తయారైంది. తరవాత అదే ఓడబ్ల్యుఎల్-ఎస్ అయింది, 2004లో వెబ్ ప్రమాణాల సంస్థకు సమర్పించారు. ఒక్కొక్క సేవకు ఇవ్వాల్సినవి, వచ్చేవి, ముందు షరతులు, ఫలితాలు అన్నీ, ప్రతి మాటకూ అర్థం తేల్చిన పదకోశంతో ముడిపెట్టి రాయాలి. షేకీకి రాసినట్టే. 2002లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పావొలూచీ బృందం ఈ వర్ణనలను పోల్చే పద్ధతి ఇచ్చింది. ధాన్యం కావాలని ఒకరు అడిగితే, రాగులు అమ్ముతానని ఇంకొకరు చెబితే, అక్షరాలు కలవకపోయినా రాగులు ధాన్యమే కాబట్టి ఎంతవరకు జత కుదురుతుందో యంత్రం మెట్లవారీగా తేల్చగలదు. ఇనిషియల్ అంటే ఒకచోట తండ్రి పేరు, ఒకచోట ఇంటిపేరు అని ఎవరైనా ఆ పదకోశంలో రాసి ఉంటే మా నాయన తిరగాల్సిన పని ఉండేది కాదు.

ఎవరు రాస్తారు? అక్కడే ఆగిపోయింది. ఒక సేవకు అంత వర్ణన రాయడం ఆ సేవను తయారుచేయడమంత కష్టం. రాసినవాడికి వెంటనే లాభం లేదు, అందరూ రాస్తేనే అందరికీ లాభం. ఢిల్లీలోని ఐబీఎం ఇండియా పరిశోధనశాలలో పనిచేసిన బిప్లవ్ శ్రీవాస్తవ, జూరిచ్‌లోని యానా కోలర్ 2003లోనే ఒక పత్రంలో పరిశ్రమ ఒక దారిలో, పరిశోధకులు ఇంకొక దారిలో పోతున్నారని చూపించారు. కంపెనీలు చేత్తో రాసిన వరుసలతో తృప్తిపడుతున్నాయి, పండితులు పరిశ్రమలో లేని వర్ణనలను ఉన్నాయనుకుని లెక్కలు వేస్తున్నారు. నమ్మకం సంగతి ఇంకొకటి. చిరునామా పుస్తకంలో దొరికిన ముక్కూ ముఖం తెలియని సేవకు యంత్రం తనంతట తాను డబ్బు కట్టడానికి ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు? 2006 జనవరిలో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ కలిసి యుడిడిఐ బహిరంగ పుస్తకాన్ని మూసేశాయి.

అప్పటికే జనం ఇంకొక దారిలో పోతున్నారు. 2000లో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధన గ్రంథంలో చెప్పిన రెస్ట్ పద్ధతి తేలిక కాబట్టి పాకిపోయింది. 2005లో పాల్ రాడెమాకర్ అనే ప్రోగ్రామర్, క్రెయిగ్స్‌లిస్ట్‌లోని అద్దె ఇళ్ల ప్రకటనలను గూగుల్ పటం మీద పెట్టాడు. పదకోశం లేదు, ప్లానర్ లేదు. ఒక మనిషి రెండు సేవల అర్థం తెలుసుకుని ముడివేశాడు, అంతే. 2007లో యాహూ పైప్స్ వచ్చింది. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా తెర మీద గొట్టాలు కలిపినట్టు సేవలను కలుపుకున్నారు. 2015లో దాన్ని మూసేశారు, జనం కట్టుకున్న గొలుసులన్నీ ఆ రోజుతో ఆగిపోయాయి. జీవశాస్త్రం వైపు మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో క్యారల్ గోబుల్ బృందం చేసిన టావెర్నా చాలా ఏళ్లు పనిచేసింది. కానీ అక్కడ కూడా గొలుసును శాస్త్రవేత్తలే కట్టారు. ఒక సేవ ఇచ్చేది ఇంకొక సేవ తీసుకునేదానికి కొంచెం తేడాగా ఉంటే, మధ్యలో చిన్న చిన్న అతుకు ప్రోగ్రామ్‌లు పెట్టాల్సి వచ్చేది. తలుపు సందులో చెక్కముక్క దోపినట్టు.

2023 మార్చిలో చాట్‌జీపీటీకి ప్లగిన్లు ప్రకటించడంతో ఈ కథ మళ్లీ కదిలింది. ఇప్పుడు భాషా నమూనాలు సేవల గురించి మామూలు మాటల్లో రాసిన వర్ణన చదివి, ఏది తరవాత ఏది పిలవాలో తామే ఎంచుకుంటున్నాయి. పదకోశం ఎవరూ రాయాల్సిన పని లేకపోవడం వల్లే ఇది ఇంత త్వరగా పాకింది. పోయింది కూడా ఒకటి ఉంది. స్ట్రిప్స్ పథకం ఇస్తే, రాసిన షరతుల ప్రకారం అది కుదురుతుందని ఒక్కొక్క మెట్టూ చూపించేది. భాషా నమూనా అట్లా చూపించదు, చాలాసార్లు సరిగ్గా ఊహిస్తుంది. చాలాసార్లు అన్నదాన్ని 5 మెట్లకు గుణిస్తే ఎంతవుతుందో పైన చూశాం. అందుకేనేమో, సమాచారం అడిగే మెట్లలో యంత్రాన్ని దాని దారిన పోనిచ్చి, డబ్బు కట్టే మెట్టు దగ్గర మాత్రం చానాచోట్ల ఇప్పటికీ ఆపి మనిషిని అడుగుతున్నారు, సరేనా వద్దా అని.